సూదక్క బండి చప్పుడు

కరోనా గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు, మార్చి మొదటి వారంలో, నన్ను బచేలి ఇనుప గనుల టౌన్‌షిప్ గ్యారేజీ నుంచి భోపాలపట్నం బ్లాకు ఆసుపత్రికి డెప్యుటేషన్ మీద పంపారు. హోదా సీనియర్ మెకానిక్. మా గ్యారేజీలో హెల్పర్ మీద మెకానిక్, మెకానిక్ మీద సీనియర్ మెకానిక్, ఆ పైన ఫోర్‌మన్, ఫోర్‌మన్ పైన దేవుడు. వాళ్లిద్దరికీ అంతగా పడేది కాదు. డెప్యుటేషన్ అంటే జీతం ఒకచోట, చాకిరీ మరోచోట. ఆసుపత్రి బళ్లు మూలనపడ్డాయి కాబట్టి మెకానిక్‌ను అరువిస్తున్నామని కాగితంలో రాశారు. నేను ఫోర్‌మన్ కుర్చీ మీద కన్నేశానని ఆయనకు అనుమానం కాబట్టి పంపారని నా అనుమానం. రెండు అనుమానాలూ సరైనవే.

ఆసుపత్రి వెనక రేకుల షెడ్డు నా వర్క్‌షాపు. మధ్యాహ్నం ఆ రేకుల కింద రెంచి పట్టుకుంటే చేతికి రెంచి ముద్ర పడేది. అక్కడ నాకు అప్పగించిన మొదటి పని ఒక పాత డర్ట్ బైక్. రోడ్డు అనేది లేని చోట నడపడానికి చేసిన బండి అది. పొడుగాటి షాకులు, గుబ్బల టైర్లు, ఆకాశంలో సీటు. ఎప్పుడో ఏదో ప్రాజెక్టు వాళ్లు తెచ్చి, ప్రాజెక్టు అయిపోగానే వదిలి వెళ్లారు. దాని సీటు మీద కూర్చుంటే గోదావరి అవతల తెలంగాణలో బట్టలు ఆరేసుకునే వాళ్లు కనబడతారంటే అతిశయోక్తి అంటారు. బట్టల రంగు మాత్రం తెలిసేది కాదని ఒప్పుకుంటాను.

ఆ బండి నడిపేది సమ్మక్క. తర్లగూడ వైపు ఊళ్లకు పిల్లల టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త, దొర్ల తెగ అమ్మాయి, వయసు ముప్పై దాటి ఉంటుంది. ఆ ఊళ్లవాళ్లు ఆమెను సూదక్క అంటారు. మనిషి పొట్టి, బండి పొడుగు. అందుకని ఆమె వెళ్లే ప్రతి ఊళ్లోనూ బండి ఎక్కడానికి ఒక రాయి పెట్టి ఉంచారు. ఆ రాయిని ఇంకెవరూ ముట్టుకోరు. కోడి కూడా దాని మీద కూర్చునే ముందు ఒకసారి ఆలోచించేది.

బండి పాత ఇంజన్ అడుగున రాయి తగిలి పగిలింది. సబ్బుతో, అంటుమందుతో పూడ్చి మరీ ఏడాది నడిపిందామె. పిస్టన్ రింగులు అరిగిపోయి, అది వదిలే పొగకు దోమలు జిల్లా దాటి పోయేవట. జగదల్‌పూర్ కబాడీలో, అంటే పాత ఇనుము కొట్టులో, అదే రకం బండి ఒకటి ప్రమాదంలో నుజ్జయి దొరికితే, దాని ఇంజన్ తెప్పించారు. వెంట దాని సైలెన్సర్ కూడా వచ్చింది, గీత కూడా పడనిది.

ఇంజన్ మార్చడం బోల్టులు విప్పగలిగిన వాడెవడైనా చేస్తాడు. దాన్ని ఆ బండికి కుదర్చడమే పని. కబాడీ ఇంజన్‌ను నమ్మకూడదు. అది ఏ బండిలో ఏం పాపం చేసి వచ్చిందో దాని ముఖం చూస్తే తెలియదు. నేను కంప్రెషన్ చూశాను, వాల్వులను నొక్కే టాపెట్ల సందు రేకు గేజీ పెట్టి కొలిచాను, కార్బురేటర్ విప్పి ప్రతి చిల్లులోనూ గాలి ఊదాను. కార్బురేటర్ పక్కన గాలి స్క్రూ అని ఒకటుంటుంది. దాన్ని పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, అక్కణ్నుంచి చెవితో వెతుక్కోవాలి. తర్వాత బండి కాసేపు నడిపి స్పార్క్ ప్లగ్ విప్పి చూడాలి. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, తెల్లగా ఉంటే గాలి ఎక్కువ మింగుతోంది. ఇటుక రంగులో ఉంటే మెకానిక్ భోజనానికి వెళ్లవచ్చు. నా ప్లగ్ ఎంత చక్కటి ఇటుక రంగులోకి వచ్చిందంటే, దానితో చిన్న గోడ కట్టొచ్చు. ఇంజన్ ఆన్‌లో ఉందో లేదో చేయి పెట్టి చూసుకోవలసి వచ్చేది. నా పాతికేళ్ల ఉద్యోగంలో అంత మెత్తగా ఏ ఇంజన్నూ నడపలేదు.

సమ్మక్క వచ్చి బండి స్టార్ట్ చేసి, ఇంజన్ దగ్గర చెవి పెట్టి, ముఖం చిట్లించింది. బాగుందని అనలేదు. పాత ఇంజన్ ఎక్కడ పెట్టారని అడిగింది. పాతది నేను అమ్ముకున్నానేమోనని ఆమె అనుమానమని నాకు అర్థమైంది. షెడ్డు మూల చూపించాను. దగ్గరికి వెళ్లి, సబ్బు పూత మీద గోరుతో గీకి, తనదేనని నిర్ధారించుకుంది. పాత సైలెన్సర్ కూడా అడిగింది. అది చిల్లులు పడి ఉంటే పారేశానన్నాను. బండి ఎక్కి వెళ్లిపోయింది.

ఆ వారం ఆమె చింతగుంపుకి వెళ్లింది. అడవిలో, ఒక చిన్న గుట్టకూ వాగుకూ అవతల ఉన్న పల్లె అది. కిందటి వానాకాలం అక్కడ పిల్లలకు తట్టు వచ్చింది. వాగు పొంగి ఉండటంతో మందూ మనిషీ చేరలేదు. ఇద్దరు పిల్లలు దక్కలేదు. ఈ ఏడు వాగు పొంగేలోపు అక్కడి పిల్లలందరికీ తట్టు టీకా రెండో మోతాదు పడాలి. సమ్మక్క ఆ వారం టీకా పెట్టె తీసుకువెళ్లి, మూత తీయకుండా వెనక్కి తెచ్చింది. ఊళ్లో ఎవరూ లేరంది. మరుసటి వారం మళ్లీ వెళ్లింది. మళ్లీ అదే మాట.

డాక్టరు గారు రాయ్‌పూర్ నుంచి వచ్చిన కుర్రవాడు, మంచివాడే. ఇప్పపూల కాలం కదా, అందరూ అడవిలో ఉండి ఉంటారని మొదటిసారి సరిపెట్టుకున్నాడు. రెండోసారి నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆమె అసలు వెళుతోందా, మధ్యలో ఎక్కడైనా ఆగి వస్తోందా, బండి మీటర్ చూసి చెప్పమన్నాడు. మీటర్ తీగ ఎప్పుడో తెగిపోయిందని, అది సున్నా దగ్గర ధ్యానంలో ఉందని చెప్పాను. అయితే తోడు వెళ్లి చూసి రమ్మన్నాడు. ఈసారీ ఇలాగే అయితే తర్లగూడ అవతలి పారామిలిటరీ క్యాంపు వాళ్లను అడిగి జవాన్లను వెంట పంపక తప్పదని కూడా అన్నాడు. మూడో టీకా రోజుకు ఇంకా వారం ఉంది.

నిజం చెప్పాలంటే నాకూ ఆమె మీద అనుమానమే. ఒక బ్లాకులో మెకానిక్‌గా పదిరోజులు పనిచేస్తే చాలు, పెట్రోలు ఎన్ని రకాలుగా ఆవిరవుతుందో తెలుస్తుంది. కొత్త ఇంజన్‌కు దూర ప్రయాణపు ట్రయల్ కావాలి, ఖాళీ పెట్టెతో ఒకసారి చింతగుంపు వెళ్లి వద్దాం అని సమ్మక్కతో అన్నాను. నేను వెనక కూర్చుని చప్పుడు వింటానన్నాను.

ఆమె పెట్రోలు మూత బిగిస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

“సారూ, ట్రయల్ ఇంజన్‌కా, నాకా?”

ఇంజన్‌కేనన్నాను. అబద్ధం చెప్పేటప్పుడు నా చెవులు కదులుతాయని మా ఆవిడ అంటుంది. ఆ రోజు అవి రెక్కల్లా కొట్టుకుని ఉంటాయి.

తర్లగూడ దాటాక క్యాంపు నాకా దగ్గర, తనిఖీకి రోడ్డుకు అడ్డంగా తాడు కట్టిన చోట, బండి ఆపారు. ఒక జవాను మా కాగితాలు అడిగి, వంగి ఇంజన్ నంబరు చదివి, కాగితంలోని నంబరుతో అది కలవకపోయేసరికి నన్ను పై నుంచి కింద దాకా చదివాడు. డాక్టరు గారి ఉత్తరం చూపించాను. వదిలేస్తూ అతను సమ్మక్కతో, “దీదీ, ఆజ్ ఆవాజ్ నహీ ఆయీ,” అన్నాడు. ఇవాళ నీ బండి చప్పుడు రాలేదేంటి అని. తర్వాత ఆమె చెప్పింది, రెండు వారాల కిందటిదాకా ఆ నాకా దగ్గర ఆమె ఎప్పుడూ ఆగింది లేదట. దూరాన్నుంచే తాడు దించేవారట. నేను ఆ జవాను మాటను నా ట్యూనింగ్‌కు మెచ్చుకోలుగా తీసుకుని, పొంగిపోయి, సీటు మీద ఇంకో అంగుళం లేచాను.

గుట్ట ఎక్కేటప్పుడు ఇంజన్ మూడో గేరులోనే వెన్నలా లాగింది. దిగి, మోకాలి లోతు వాగు దాటి ఊళ్లోకి వెళ్లాం. ఊరు ఖాళీ. సమ్మక్క చెప్పింది నిజమే. ఇప్పపూలకు పోయారేమో అన్నాను. ఆమె ఒక వాకిలి చూపించింది. చాప మీద ఇప్పపూలు ఆరబోసి ఉన్నాయి. మేకలు అదిలించడానికి పెట్టుకున్న కర్ర పక్కనే పడి ఉంది. నాలుగు మేకలు ఆ పూలను పెళ్లి భోజనంలా మేస్తున్నాయి. ఒక పొయ్యి మీద జావ కుండ ఇంకా కుతకుతమంటోంది. ఆ ప్రాంతంలో ఇప్పపూలు మేకలకు వదిలేసి, పొయ్యి మీద జావ వదిలేసి ఎవరూ పనికి పోరు. అది పారిపోయిన ఊరు. పారిపోయి కాసేపే అయింది.

చెట్ల వెనక నుంచి కనీసం వెయ్యి కళ్లు నన్నే చూస్తున్నాయనిపించింది. ఊరి జనాభా వందకు మించదని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం వెయ్యే.

సమ్మక్క చేతులు నోటి దగ్గర పెట్టుకుని దొర్ల భాషలో పిలిచింది. చాలాసేపటికి ఒక ముసలామె ఒక్కతే చెట్లలోంచి వచ్చింది. పేరు ముత్తమ్మ, ఆ ఊరి మితానిన్. మన దగ్గర ఆశా కార్యకర్త అంటామే, అదే. ఆమె ముందు మేకలను కర్రతో అదిలించింది. తర్వాత అదే కర్ర నా వైపు తిప్పి, నాకూ అర్థం కావాలని తెలుగులో అడిగింది.

“ఏందే సమ్మక్కా, నువ్వేనా? మరి గా బండెవరిది?”

“నాదే అవ్వా. ఇంజన్ మార్చిన్రు.”

“నీ బండి గుట్ట ఎక్కుతాంటె జావ దించి పిల్లల ముక్కులు తుడుస్తం. గిది పిల్లి లెక్క అస్తాంది. సప్పుడు లేకుంట అచ్చేటోల్లు మా ఊరికి ఎందుకస్తరు బిడ్డా?”

ఆ ప్రశ్నకు జవాబు అక్కడ అందరికీ తెలిసిందే. ఆ అడవిలో తెలియని బండి ఎవరిదైనా కావచ్చు. ఈ వైపు జవాన్లదీ కావచ్చు, ఆ వైపు అడవిలోని తుపాకులవాళ్లదీ కావచ్చు. ఎవరిదైనా సరే, ముందు చెట్లలోకి వెళ్లి, తర్వాత ఆలోచించడం అక్కడి పద్ధతి. ఊరికి తెలిసినవి రెండే బళ్లు. ఒకటి వారం సంత జీపు, రెండోది సమ్మక్కది. రెండింటినీ వాళ్లు చూసి కాదు, విని గుర్తుపడతారు. నేను ఆ రెండోదాన్ని వాళ్లకు తెలియని బండిగా మార్చేశాను.

తిరుగు దారిలో, క్యాంపు జవాన్లతో ఒక్కసారి ఆ ఊళ్లోకి అడుగుపెడితే ఇక ఆ ఊరు తనకు లేనట్టేనని సమ్మక్క చెప్పింది. పిల్లలను పట్టుకుని సూది వేయవచ్చు. కానీ ఆ తర్వాత ఏ తల్లీ జ్వరమని బిడ్డను తన దగ్గరికి తేదు. ఇదంతా మామూలుగా చెప్పి, చివర్న, “అన్నా, మీరు బండిని మల్ల ఖరాబు చెయ్యాలె,” అంది. సారు పోయి అన్న ఎప్పుడయ్యానో నేను గమనించనేలేదు.

పాతికేళ్లు బాగుచేయడం నేర్చుకున్నవాణ్ని ఖరాబు చేయమంటే, అది అనుకున్నంత తేలిక కాదు. ఇంజన్ లోపల ఏదీ ముట్టుకోనని ముందే చెప్పాను. పాతదాని టకటకల కోసం టాపెట్లు వదులు చేస్తే ఏడాదిలో ఇంజన్ పోతుంది. చప్పుడంతా బయటి నుంచే రావాలి. అంటే పాత సైలెన్సర్ కావాలి. షెడ్డంతా వెతికితే అది ఆసుపత్రి చౌకీదారు గోంగూర మడిలో దొరికింది. చేతిపంపు నీళ్లు మడికి పారించే గొట్టంగా దాన్ని అమర్చుకున్నాడు. అడిగితే, నిన్న పారేసింది ఇవాళ మీకెందుకు కావలసి వచ్చింది, ఇందులో ఏదో ఉందని పట్టుకున్నాడు. వెండి ఉందేమోనని రాత్రంతా దాన్ని తడిమి చూసి, ఏమీ లేదని తేల్చుకుని, బదులుగా గీత పడని కొత్త సైలెన్సర్ పుచ్చుకుని ఇచ్చాడు. ఆ ఏడు చౌకీదారు గోంగూరకు ఆసియాలోకెల్లా నిశ్శబ్దంగా నీళ్లు పారాయి.

సైలెన్సర్‌లో మట్టి కడిగి బిగించాను. అది ఇంజన్‌కు కలిసే చోట గాస్కెట్ ఉంటుంది, పొగ బయటికి తప్పించుకోకుండా. అక్కడ అరిగిన పాత గాస్కెటే వేసి, ఒక వెంట్రుక సందు వదిలాను. గాలి స్క్రూను ఇటుక రంగు చోటు నుంచి కొంచెం వదులు చేశాను. ఇలా చేస్తే యాక్సిలరేటర్ వదిలినప్పుడు కాలకుండా మిగిలిన పెట్రోలు గొట్టంలోకి వెళ్లి, అక్కడ గాలి తగిలి ఠప్పుమని పేలుతుంది. దాన్ని తగ్గించడానికి కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చేవాణ్ని. ఇప్పుడు ఎక్కువ చేయడానికి చెమటలు పట్టాయి. మొదటి ఠప్పుకు ఆసుపత్రి వరండాలో రోగులు లేచి కూర్చున్నారు. కొందరు ఆ రోజే డిశ్చార్జి అడిగారని విన్నాను.

అనుకున్న రోజున టీకా పెట్టెతో బయలుదేరాం. నాకా దగ్గర తాడు దానంతట అది దిగింది. గుట్ట కింద నేను దిగి, పెట్టె భుజాన వేసుకుని, గుట్టా వాగూ దాటి ముత్తమ్మ ఇంటికి నడిచాను. బండి మీద కూర్చుని వినే చప్పుడు వేరు, దూరాన్నుంచి వినేది వేరు. గుట్ట మీదుగా వచ్చే చప్పుడు ఊళ్లో ఎలా ఉంటుందో ఊళ్లోనే వినాలి. వినవలసింది ముత్తమ్మ. మిగతా ఊరంతా కొత్త మనిషినైన నన్ను చూసి అప్పటికే చెట్లలోకి పోయింది.

బండి గుట్ట ఎక్కింది. కొసన ఠప్పుమని, అనుకున్న ప్రకారం అక్కడే ఆగింది. నేను గర్వంగా ముత్తమ్మ వైపు చూశాను. ఆమె ఆకు చుట్ట నోట్లోంచి తీయకుండా తల అడ్డంగా ఊపింది.

“బండి గదే. మీద ఉన్నది సమ్మక్క కాదు.”

ఎందుకు కాదని అడిగితే, కాదు అంతే అంది. ఆ బండిని ఎవరో గుంజుకుని నడుపుకొస్తున్నట్టుందని కూడా అంది. చెట్ల వెనక ఎవరో బిడ్డ నోరు మూశారు. చప్పుడు నిజమై, మనిషి అబద్ధమైతే, అది తెలియని బండి కంటే చెడ్డది.

టాపెట్లు అనుకున్నాను, గొలుసు అనుకున్నాను, ముత్తమ్మ చెవులనూ అనుమానించాను. చివరికి, పాత బండి ఎలా వచ్చేదో నోటితో చెప్పమన్నాను. ఆమె చుట్ట పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, తానే బండి అయిపోయింది.

“డుబు డుబు డుబు... గుర్ర్... డుబు డుబు... గుర్ర్... డు... బు... డు... బు... ఠప్.”

నా ఉద్యోగంలో అంత స్పష్టమైన ఫిర్యాదు ఏ కస్టమరూ ఇవ్వలేదు. రెండు గుర్ర్‌లు! పాత ఇంజన్‌కు గుట్ట ఎక్కే సత్తువ లేదు. సమ్మక్క మూడో గేరు నుంచి రెండోదానికి, రెండు నుంచి ఒకటికి దించి, ఈడ్చుకుంటూ ఎక్కేది. గేరు దించిన ప్రతిసారీ ఇంజన్ ఒకసారి గుర్రుమనేది. కొత్త ఇంజన్ మూడో గేరులోనే ఎక్కేస్తోంది. ఆ రెండు గుర్ర్‌లు సైలెన్సర్‌లో లేవు. సమ్మక్క ఎడమకాలిలో ఉన్నాయి.

వాగు దాటి, ఎండలో గుట్ట ఎక్కి, ఆయాసంతో సమ్మక్కకు విషయం చెప్పాను. ఆమె నన్ను మొదటిసారి నిజంగా అనుమానంగా చూసింది.

“గేర్ ఎందుకు దించుడన్నా? ఇంజన్ లాగుతాంది గద?”

“అది లాగుతుందమ్మా. నువ్వు లాగనీయకు. ముసలిదాన్ని ఎక్కించినట్టు ఎక్కించు.”

మళ్లీ కిందికి దిగి, మొదటి నుంచి వచ్చింది. నేను సగం గుట్ట మీద ఒక బండరాయి నీడలో నిలబడి విన్నాను. డుబు డుబు. గుర్ర్. ఆమె కాలికి తెలుసు, చేతికీ తెలుసు. రెండో గుర్ర్ దగ్గర అవసరం లేకపోయినా నిజంగానే బండి కష్టపడుతున్నట్టు ముందుకు వంగింది. గుట్ట కొసన యాక్సిలరేటర్ వదిలింది.

ఠప్.

కింద ఊళ్లో ముందు ఒక కుక్క మొరిగింది. తర్వాత ముత్తమ్మ గొంతు వినబడింది, దొర్లలో, చెట్లవైపు తిరిగి ఏదో అరుస్తూ. నాకు సూదక్క అన్న ఒక్క మాటే అర్థమైంది. నేను వాగు దాటేసరికి వాకిళ్లలో మనుషులు ఉన్నారు. మేకలను తిడుతున్నారు. పిల్లల ముక్కులు తుడుస్తున్నారు. సమ్మక్క తన రాయి మీద కాలు పెట్టి దిగింది. ముత్తమ్మ ఇంట్లో నేను దించిన టీకా పెట్టె మూత చింతగుంపులో ఆ నెలలో మొదటిసారి తెరుచుకుంది. తర్వాత గంటసేపు ఆ ఊళ్లో వినబడింది పిల్లల ఏడుపే. దాన్ని ట్యూన్ చేయడానికి నేను ప్రయత్నించలేదు.

సాయంత్రం ఆసుపత్రి ఆవరణలోకి పేలుకుంటూ వచ్చిన బండిని చూసి డాక్టరు గారు బయటికి పరుగెత్తుకొచ్చాడు. కొత్త ఇంజన్ పాడైందా అని అడిగాడు. లేదు, ఇప్పుడే సరిగ్గా కుదిరిందన్నాను. ఆయన ఖాళీ టీకా పెట్టెను చూశాడు, ఆపైన నన్ను చూశాడు. నా మీద ఆయనకు ఉన్న అనుమానం ఆ డెప్యుటేషన్ ముగిసేదాకా పోలేదు. జవాన్లను పంపాలన్న మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

ఆ ఇంజన్ గుట్టను ఎప్పుడు కావాలన్నా మూడో గేరులో ఎక్కగలదు. సమ్మక్క దానికి ఆ అవకాశం ఇచ్చినట్టు నేను ఎన్నడూ వినలేదు.

బండి తయారైందని చెప్పే అధికారం మెకానిక్‌ది అనుకునేవాణ్ని. అది మెకానిక్‌దీ కాదు, బండి ఎక్కేవాళ్లదీ కాదు. బండి కోసం దూరాన చెవి పెట్టుకుని కూర్చున్నవాళ్లు ఒప్పుకోవాలి. నేను వెన్నునొప్పితో ముందుగానే స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునేదాకా, ఏ పాత బండి ఇంజన్ విప్పమన్నా, మొదటి బోల్టు మీద రెంచి పెట్టే ముందు దాని యజమానిని ఒకసారి ఊరి బయటికి వెళ్లి రమ్మనేవాణ్ని. వాళ్లు తిరిగి వచ్చేటప్పుడు షెడ్డు బయట నిలబడి వినేవాణ్ని. గేర్లు ఎక్కడ దించుతారో ముందు అది గుర్తుపెట్టుకుని, ఆ తర్వాతే ఇంజన్ విప్పేవాణ్ని.